పుట్టగొడుగులు, కుక్కగొడుగులు



మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు వానలు కురియగనే గార్ల ప్రాంతపు గ్రామములలో వేకువజామున నొక సందడి కలుగును. పాకాల యేటి యొడ్డున నున్న చెలకలకును, బయ్యారము వైపు గుట్టల క్రింది యడవికిని స్త్రీలు, పిల్లలు చిన్న గంపలు చంక నిడుకొని పోవుదురు. రాత్రి ఉరిమినదా, లేదా యని ముందుగా ముసలివారి నడుగుదురు. ఉరిమిన మరునాడు భూమి పగిలి పుట్టగొడుగులు లేచునని మనవారి నమ్మకము. ఉరుమునకును గొడుగునకును నేరుగా సంబంధ ముండనక్కరలేదు. తొలకరి తడి పుట్టలోపలికి దిగు కాలమును, ఉరుములతో వాన వచ్చు కాలమును ఒక్కటియే గనుక ఆ నమ్మకము పంచాంగమువలె పనిచేయుచున్నది.

నేటి ప్రసంగము ఆ గంపలోనికి వచ్చు వస్తువును గూర్చినది. తినదగిన గొడుగేది, తినరాని గొడుగేది అను భేదమును మన పూర్వు లెట్లు కనిపెట్టిరి, దాని నెట్లు నిలుపుకొనిరి, అది యిప్పు డెట్లు చేజారుచున్నది అనునది నేను చెప్పదలచిన విషయము. వంటయింటి ముచ్చట యని దీనిని త్రోసివేయకుడు. 2022 ఏప్రిల్ మాసమున అస్సాము రాష్ట్రపు తేయాకు తోటల ప్రాంతమున అడవి గొడుగులు వండుకొని తిని పదిమందికి పైగా మరణించిరి. ఒక పూట కూర! అంతకు మించిన తప్పు వారేమియు చేయలేదు.

గార్లకు చేరువనే బయ్యారము చెరువున్నది. కాకతి గణపతిదేవుని సోదరి మైలమ దానిని కట్టించెను. 13వ శతాబ్దిలో ఆమె అచ్చట వేయించిన శాసనము కాకతీయుల వంశక్రమమును నిర్ణయించుటకు చరిత్రకారులకు ముఖ్యాధారమైనది. ఆ రాతిమీద రాజుల పేర్లున్నవి. ఆ కట్టకు మట్టి మోసిన కూలివారు తొలకరినాడు ఏ కూరతో గటక త్రాగిరో రాతిమీద లేదు. ఉండుననుకొనుటయు న్యాయము కాదు. అయినను ఏది తినిన బ్రతుకుదురో, ఏది తినిన చత్తురో తెలియనిచో ఆ మట్టి మోయువారే యుండరు గదా! ఇట్టి విద్య యొకటి శాసనములకు వెలుపల, తల్లినుండి కూతురికి, అత్తనుండి కోడలికి చేతిమీదుగా నడచుచు వచ్చినది.

వ్రాయగలవారు దీనిని వ్రాయకపోవుటకు కారణమున్నది. ఆపస్తంబ ధర్మసూత్రము గొడుగును తినరాని వానిలో చేర్చినది. మనుస్మృతి వెల్లుల్లి, నీరుల్లులతోపాటు కవకమును, అనగా గొడుగును, ద్విజులకు నిషేధించినది. తెలుగునాట ఆపస్తంబ సూత్రమువారే మెండు. కావున చదువుకొన్న యిండ్లలో గొడుగు వంటయింటి గడప దాటలేదు. తిన్నవారు వ్రాయలేదు, వ్రాసినవారు తినలేదు. కోయలు, లంబాడీలు, చెలకలు దున్నుకొను రైతుబిడ్డలు, వీరి నోటనే యా విద్య మిగిలినది.

వైద్యులు మాత్రము కొంత వ్రాసిరి. వైద్యునకు మడికంటె రోగి ముఖ్యుడు. సుశ్రుతుడు తన సంహితలో గొడుగులను అవి పుట్టు చోటునుబట్టి విభజించెను: గడ్డిలో పుట్టునవి, చెరకు పిప్పిలో పుట్టునవి, ఎండిన పేడలో పుట్టునవి, వెదురుమీద పుట్టునవి, నేలనుండి పుట్టునవి యని. ఇది సామాన్యమైన మాట కాదు. గొడుగును గుర్తించుటకు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న అది ఎట్లున్నదని కాదు, దేనిపై మొలచినదని. నేటి శాస్త్రజ్ఞులును పుస్తకము తెరచి మొదట నీ ప్రశ్ననే యడుగుదురు. చరకుడు మరియొక మాట చెప్పెను. సర్పచ్ఛత్రకమును విడిచి తక్కిన గొడుగుజాతులు పెక్కు కలవనియు, అవి తియ్యనివి, చలువ చేయునవి, అరుగుటకు బరువైనవి, పడిసెము పట్టించునవి యనియు ఆయన మతము. తినదగినవానికి గుణదోషములు చెప్పి, ఒకదానిని మాత్రము పాముపేరు పెట్టి వేరుగా నిలిపెను. మంచి గొడుగు ప్రక్కనే దానివంటి చెడ్డ గొడుగుండునను సంగతి మన గ్రంథములలో నింత ప్రాచీనమైనది.

పేర్లను గమనింపుడు. చరకునకు పాముగొడుగు. పాలీ గ్రంథములలోను అహిచ్ఛత్తక మనగా పాముగొడుగే. మనకు కుక్కగొడుగు. కన్నడిగులకు నాయికొడె, తమిళులకు నాయ్‌క్కుడై, రెండును కుక్కగొడుగులే. ఆంగ్లేయులు దానిని కప్ప కూర్చుండు పీట యందురు. ప్రతిజాతియు తనకు గిట్టని జంతువు పేరు దానికి తగిలించినది. బుద్ధభగవానుడు పావానగరమున చుందుడను కమ్మరి యింట భుజించిన కడపటి భోజనములోని సూకరమద్దవ మేమియో వ్యాఖ్యాతల కేకాభిప్రాయము లేదు. పందిమాంసమని కొందరనగా, పందులు త్రొక్కిన నేల మొలచిన గొడుగని కొందరనిరి. రోముచక్రవర్తి క్లాడియసు క్రీ. శ. 54లో గొడుగుల కూరలో విషము తిని చచ్చెనని యా దేశపు చరిత్రకారులు వ్రాసిరి. ఈ కథలలో నిజమెంతయో యటుండనిండు. గొడుగనగానే మనుష్యునికి నోరూరుటయు, గుండె జంకుటయు నొక్కసారియే జరుగుచు వచ్చినవని వీనివలన తెలియును.

ఇక మన పుట్టగొడుగు. ఈ పేరులోనే దాని గుర్తు చెప్పబడినది. ఇది పుట్టనుండి లేచు గొడుగు. పుట్ట మనకు పూజ్యము. నాగులచవితినాడు దానిలో పాలు పోయుదుము. వరాహమిహిరుడు బృహత్సంహితలో పుట్టయున్న చోట నీరెంత లోతున పడునో లెక్కలు చెప్పెను. పుట్టను చీమలు కట్టుననియు పాములు చేరుననియు లోకమున ననుకొందురు. కట్టునవి చీమలు కావు, చెదలు. చెదలు చీమలకు చుట్టములు కావు, బొద్దింకలకు చుట్టములు.

ఈ చెదలకు పుట్టలోపల నొక తోటయున్నదని మొట్టమొదట వ్రాసినవాడు ఒక పరదేశి వైద్యుడు. ఆయన పేరు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. బాల్టిక్ తీరమువాడు, స్వీడను దేశపు లిన్నేయసు పండితునికి శిష్యుడు. 1768లో తరంగంబాడిలోని మిషనుకు వైద్యుడుగా వచ్చి, తరువాత ఆర్కాటు నవాబునొద్దను, పిమ్మట కుంపిణీయందును వృక్షశాస్త్రజ్ఞుడుగా పనిచేసెను. దక్షిణదేశపు చెదపుట్టలను త్రవ్వి చూచి, లోపల మెత్తని మడతలతో నున్న దిబ్బలను, వానిపై తెల్లని పూసలవలె మొలచిన బూజును వర్ణించి 1779లో జర్మనుభాషలో ప్రకటించెను. ఆయన మన తెలుగుదేశముననే కన్నుమూసెను. 1785 జూను 26వ తేదీన కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున విరేచనముల వ్యాధిచే మరణించెను. సామర్లకోటలో వైద్యుడుగా నుండిన విలియం రాక్స్‌బర్గు ఆయనకు కడపట చికిత్స చేసెను. జూను 26 అనగా ఆరుద్ర కార్తె నడుచు రోజులు. ఆయన ఎరిగిన గొడుగులు పుట్టలనుండి లేచుచుండు కాలముననే ఆయన పోయెనను సంగతి చదివినప్పుడు నాకు మనస్సు చివుక్కుమన్నది.

తరువాతి కథ సంగ్రహముగా చెప్పెదను. సింహళమున పేరాదెనియ తోటలో పనిచేసిన టామస్ పెచ్ 1906లో చెదపుట్టల శిలీంధ్రములపై విపులముగా వ్రాసెను. ఫ్రెంచివాడగు రోజే హైమ్ 1942లో ఈ గొడుగులకు టెర్మిటోమైసిస్ అను జాతినామ మిచ్చెను. చెదల శిలీంధ్ర మని యర్థము. మన దక్షిణదేశమున సామాన్యముగా కనబడు నొక రకమునకు 1979లో మద్రాసున నటరాజన్ అను శాస్త్రజ్ఞుడు ఆ హైమ్ పేరే పెట్టెను. మన అవ్వలు పుట్టగొడుగనిన మాటకే నూటయరువది సంవత్సరములకు పైబడిన విచారణ తరువాత శాస్త్రభాషలో మరల నామకరణము జరిగినదన్నమాట.

పుట్టలోపల జరుగునది వినదగినది. చెదలు ఎండు పుల్లలను, ఆకులను నమలి లోనికి తెచ్చి తేనెపట్టువంటి దిబ్బగా పేర్చును. కర్రలోని గట్టిపదార్థమును అవి తమంతట అరిగించుకొనలేవు. ఆ దిబ్బపై పెరుగు శిలీంధ్రము దానిని మెత్తబరచి పక్వము చేయును. తెల్లని పూసలను, పక్వమైన దిబ్బను చెదలు తినును. మనము వరి పండించుకొన్నట్లు అవి గొడుగును పండించుకొనుచున్నవి. ఈ సేద్యము ఆఫ్రికాఖండమున సుమారు మూడుకోట్ల సంవత్సరముల క్రిందట మొదలైనదని నేటి శాస్త్రజ్ఞుల లెక్క. మనుష్యుని సేద్యమునకు వయస్సు సుమారు పది పన్నెండువేల సంవత్సరములే. తొలకరి తడి దిగినప్పుడు ఆ శిలీంధ్రము మన్ను చీల్చుకొని పైకి వచ్చి గొడుగు విప్పును. గట్టినేలను చీల్చవలెను గనుక దాని నడినెత్తిన ములుకువంటి మొన యుండును. లోపలి దిబ్బనుండి పైకి రావలెను గనుక దాని కాడ నేలలో వేరువలె సన్నగిలుచు మూరెడు లోతునకైనను దిగియుండును.

మొనయును, వేరును: ఈ రెండే దాని ముఖ్యమైన గుర్తులు. మా అవ్వ గొడుగు నెన్నడును పెరుకనిచ్చెడిది కాదు. చిన్న గునపముతో ప్రక్కన త్రవ్వి, వేరు తునుగకుండ వెలికి తీసి, మన్ను దులిపి చూచి గంపలో వేసెడిది. వేరు లేనిదానిని అక్కడనే పారవేసెడిది. ఇది చాదస్తమని చిన్నతనమున మేము నవ్వితిమి. ఇప్పటివారు నేలమట్టమునకు త్రుంచి తెత్తురు. గుర్తింపవలసిన సగము భూమిలోనే యుండిపోవును. మిగిలిన సగము ఏ తెల్లని గొడుగునకైనను ఒక్కటే.

పుట్టగొడుగువలె కనబడి మోసగించువానిలో ముఖ్యమైనది పసరిక బయళ్లలోను, పెంటపోగుల చెంతను, బడిముందరి పచ్చికలోను వానకు లేచు నొక పెద్ద తెల్లగొడుగు. దీనికి శాస్త్రనామము క్లోరోఫిల్లం మాలిబ్డైటిస్. దక్షిణ అమెరికానుండి వచ్చిన నమూనాను చూచి మేయర్ అను జర్మనుడు 1818లో వర్ణించెను. మాసీ అను ఆంగ్లేయుడు 1898లో పచ్చ రేకులది యను నర్థమున దానికి జాతిపేరు పెట్టెను. చూచుటకు మిక్కిలి సొగసైనది. పళ్లెమంత వెడల్పు, తెల్లని పైభాగము, దానిపై గోధుమవన్నె పొలుసులు. కాడకు మీదికి క్రిందికి జరుపదగిన యుంగర ముండును. క్రింద వేరుండదు; కాడ మొదలు ఉబ్బి గుండ్రముగా ముగియును. గొడుగు క్రింది రేకులు లేతనాడు తెల్లగానే యుండి, ముదిరిన కొలది బూడిదవన్నె పచ్చదనము తిరుగును. తిన్న గంట మొదలు మూడుగంటలలో వాంతులు, విరేచనములు పట్టుకొనును. పెద్దవారు సాధారణముగా తేరుకొందురు. నీరు పోవుటచే పిల్లల ప్రాణమునకు ముప్పు కలుగును.

ఇందులోని చిక్కు లేతదనమున నున్నది. రేకులు పచ్చబారక మునుపు ఈ గొడుగు మంచిదానివలెనే యుండును. మనవారు లేతవే రుచి యని లేతవే యేరుదురు. కావున విప్పుకొనని మొగ్గలను, పుట్టమీద గాక పచ్చికలో నున్నవానిని ముట్టకుండుటయే మేలు. పుట్టగొడుగుల రకములు కొన్నింటికిని కాడకు ఉంగరముండును గనుక ఉంగరమొక్కదానిని చూచి తీర్పు చెప్పరాదు.

అనుమాన నివృత్తికి ఇంటిలోనే చేయదగిన పరీక్ష యొకటి కలదు. గొడుగు తలను కాడనుండి వేరుచేసి, సగము తెల్లకాగితముపైనను, సగము పిల్లవాని రాతపలకపైనను ఉండునట్లు రేకులు క్రిందికి పెట్టి, పైన గిన్నె బోర్లించి రాత్రియంతయు నుంచవలెను. తెల్లవారునప్పటికి రేకులనుండి విత్తనములవంటి ధూళి రాలి ముగ్గువలె గీతలు పడును. పుట్టగొడుగుది లేతగులాబి కలిసిన మీగడవన్నె. పచ్చికగొడుగుది మాసిన పసరువన్నె. పసరువన్నె ముగ్గు పడినచో ఆలోచింప నక్కరలేదు, పారవేయవలసినదే. ముగ్గు తెల్లగా పడినచో పలకపై కనబడును. అదియు పుట్టగొడుగు కాదు. అయితే ఈ పరీక్ష పుట్టగొడుగా కాదా యని తేల్చుటకే గాని, ముక్కు మొగము తెలియని గొడుగును తినవచ్చునని ధైర్యము చెప్పుటకు కాదు. గులాబివన్నె ధూళి రాల్చు చెడ్డ గొడుగులును లోకమున కలవు.

వేరు పరీక్షకు లొంగని పుట్టగొడుగులును ఉన్నవి. చెదలు తమ పాతదిబ్బను పొడిచేసి పుట్ట వెలుపల పోయగా, దానిపై చిటికెనవ్రేలి గోరంత గొడుగులు వందలు వేలుగా నొక్కమారు లేచును. ఇవి మిక్కిలి రుచికరములు. వీనికి పొడవైన వేరుండదు. అనుభవముగల కన్నులే వీనికి ప్రమాణము. చిన్నగొడుగులలో లెపియోటా యను జాతివి కొన్ని కాలేయమును చంపునంతటి విషముగలవి గనుక, చిన్నవానిని ఏరి యెరుగనివారు వాని జోలికి పోకుండుటయే మంచిది. ఇది పిరికితన మనుకొనువారు అనుకొందురుగాక.

యూరోపుఖండమున మన పుట్టగొడుగునకుగల మర్యాద షాంటరెల్ అను గొడుగునకు కలదు. గ్రీకుభాషలో పానపాత్రకు పేరైన పదమునుండి ఈ పేరు పుట్టినది. లిన్నేయసు 1753లోను, ఫ్రైస్ 1821లోను దానిని శాస్త్రగ్రంథముల కెక్కించిరి. గ్రుడ్డుపచ్చసొన రంగుతో, గరాటు ఆకారముతో, ఖుబానీ పండు వాసనతో నుండును. దాని గొడుగు క్రింద కత్తివాదరవంటి రేకులుండవు. మైనము కరిగి జారినట్లు మొద్దుబారిన మడతలు కొమ్మలుగా చీలుచు కాడమీదికి దిగును. కోసిన లోపల తెలుపు. దీనికిని మోసగాండ్రున్నారు. ఒకటి అబద్ధపు షాంటరెల్. నారింజవన్నె గలది, దాని రేకులు పలుచగా కిక్కిరిసి యుండును. రెండవది కుళ్లిన మొద్దులపై గుత్తులుగా మొలచునది. లోపలికూడ నారింజవన్నెయే, రేకులు పదునైనవి, చీకటిలో మసకగా వెలుగును. తిన్నవారికి వాంతులు తప్పవు. షాంటరెల్ నేలపై విడివిడిగా మొలచును, మొద్దుపై గుత్తిగా మొలవదు. చూచితిరా, అక్కడను తీర్పు చెప్పునది సుశ్రుతుని ప్రశ్నయే.

ఈ షాంటరెల్ జాతి మనదేశమునను, హిమాలయముల యందును, పడమటి కనుమలలోను, గోదావరి కావలి ఛత్తీసుగఢు సాలవనములలోను కలదు. మన గార్ల అడవులలో దానిని వెదకుట వృథాశ్రమ. అది కొన్ని చెట్లవేళ్లతో పొత్తు కుదుర్చుకొని వాని చక్కెరతో బ్రతుకునది. సాలవృక్షము, అనగా మనవారి గుగ్గిలపుచెట్టు, అట్టి చెట్లలో నొకటి. మన అడవిలో టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప మెండు. టేకును మద్దియు దానికి ఆశ్రయమిచ్చునవి కావు. కావున మన గుట్టలలో పచ్చని గరాటుగొడుగు కనబడినచో పుస్తకములోని బొమ్మను చూచి భ్రమపడి కూర వండరాదు. షాంటరెల్‌కు చెట్టు, పుట్టగొడుగునకు చెద: ఒకరి యింట వియ్యమందిన గొడుగులివి. అందుచేతనే రెంటిని గూడ మనుష్యుడు తోటలో పెంచలేకపోవుచున్నాడు. వరిగడ్డి గొడుగు మాట వేరు. దానికి ఎండుగడ్డి చాలును. మద్రాసు రాష్ట్రమున కోయంబత్తూరులో 1943 నాటికే దాని పెంపకమును శాస్త్రజ్ఞులు చేసి చూపిరి. నేడు అంగడిలో కొనునవి ఇట్టి పెంపకపు జాతులే.

ఇప్పుడు కొన్ని తప్పుడు పరీక్షలను గూర్చి చెప్పక తప్పదు. కూరలో వెండినాణెము వేసిన నల్లబడునందురు. వెల్లుల్లి, బియ్యము రంగు మారునందురు. పురుగు తినినది మనుష్యుడు తినవచ్చునందురు. ఉప్పునీట ఉడికించి పారబోసిన విషము పోవునందురు. ఇవి మనదేశముననే గాదు, యూరోపులోను తరతరములుగా చెప్పుకొనుచున్నవి. వీనిలో నొకటియు నిజము కాదు. మిక్కిలి ప్రాణాంతకమైన అమనీటా గొడుగు వెండిని నల్లబరచదు. నత్తలు దానిని నిశ్చింతగా తినును. ఎంత ఉడికించినను దాని విషము చావదు. దాని రుచియు బాగుండునని, తిని బ్రతికినవారు చెప్పిరి. నోటికి చేదైనది మాత్రమే విషమను నమ్మకమునకు ఇది పెద్ద దెబ్బ.

అంతకంటె మోసకరమైనది కాలము. పచ్చికగొడుగు తిన్నవాడు గంటలలో కక్కుకొనును, కారణము తెలియును. అమనీటా తిన్నవానికి ఆరుగంటలు దాటువరకు, ఒక్కొక్కప్పుడు రేపటివరకు ఏమియు నుండదు. పిమ్మట వాంతులు, విరేచనములు కలిగి, మరునాడు తగ్గినట్లుండును. ఇంటివారు గండము గడచినదని సంతోషింతురు. ఆ సంతోషపు దినమున లోపల కాలేయము చెడుచుండును. పోలండు దేశమున 1952లో నూరుమందికి పైగా జనులకు మూత్రపిండములు చెడి, వారిలో పదునొకండుగురు మరణించిరి. అది అంటురోగమేమో యని మొదట భ్రమపడిరి. గ్రిమాలా యను వైద్యుడు విచారింపగా వారందరును అడవిలోని కోర్టినేరియసు అను గొడుగును తినియుండిరి. తిన్న కొన్నిదినములకు, కొందరికి రెండువారములకు గాని బాధ తెలియలేదు. అంతవరకు ఆ గొడుగు నిరపాయమనియే లోకము తలచినది. ఈ జాతిలోని దొకటి యూరోపున షాంటరెల్ అని పొరబడి తినబడుచుండుటయు కలదు.

ఈ సంగతివలన మన గ్రామములలో వినబడు నొక వాదమునకు హద్దు తెలియును. మా తాతలనాటినుండి తినుచున్నాము, మాకేమియు కాలేదందురు. ఆ మాట నిజమే, గౌరవింపదగినదే. అదే పుట్ట, అదే కార్తె, అదే గొడుగు అయినంతవరకు తాతల సాక్ష్యమునకు మించిన సాక్ష్యము లేదు. పుట్ట మారినచో ఆ సాక్ష్యము చెల్లదు. లావోసు మొదలగు తూర్పుదేశములనుండి అమెరికాకు వలసపోయినవారు కొందరు కాలిఫోర్నియాలో తమ దేశపు గడ్డిగొడుగువంటిదే కనబడగా వండుకొని తిని ప్రాణములమీదికి తెచ్చుకొనిరి. రెంటికిని కాడ మొదట దొన్నెవంటి తొడుగుండును. గడ్డిగొడుగు ధూళి గులాబివన్నె, విషగొడుగు ధూళి తెలుపు. వారికి అనుభవము తక్కువ యగుటచే గాదు, ఎక్కువ యగుటచేతనే మోసపోయిరి. నేడు మన బిడ్డలును ఆ దేశములలో కాపురములు చేయుచున్నారు. అచ్చటి యిండ్లముందరి పచ్చికలో వానకు లేచు పెద్ద తెల్లగొడుగులు తరచుగా నేను పైని చెప్పిన పచ్చరేకుల జాతివే. ఊరినుండి ఫోనులో మాటలాడునప్పుడు పచ్చడి సంగతులతోపాటు ఈ మాటయు చెప్పవలెను.

దూరదేశము వరకు పోనక్కరలేదు. మన ఊరిలోనే పుట్టలు మారిపోవుచున్నవి. చెలకలు చదును చేయునప్పుడు యంత్రములు పుట్టలను మొదలంట త్రోసివేయుచున్నవి. చెదలమందు పోసిన చేనిలో గొడుగు లేవదు. లేచినను, మిరపకు, ప్రత్తికి మందు కొట్టిన గట్టున లేచిన గొడుగు ఆ మందును పీల్చుకొనియుండును గనుక అది మంచిజాతిదైనను కుక్కగొడుగుతో సమానమే. ఏ పుట్టకు ఏ కార్తెలో ఎన్ని లేచునో యెరిగిన ముసలమ్మలు గ్రామమునకు ఒకరిద్దరు మిగిలియున్నారు. వారి మనుమలు గొడుగును ఏరుట మానలేదు. ఏరుటకు ముందు అడుగుట మానిరి. సెల్లుఫోనులో బొమ్మ తీసి పేరడుగుచున్నారు. బొమ్మలో వేరు కనబడదు, ధూళి రంగు కనబడదు, వాసన రాదు.

గ్రామమున నిట్టి ముసలమ్మ యున్నచో, ఈ వానకాలమున ఆమెను చేయిపట్టి చెలకకు తీసికొనిపోయి ఆమె చూపిన పుట్టలను, కార్తెలను ఒక నోటుబుక్కున వ్రాయించుడు. చదువుకొన్న పెద్దలు మీరే గనుక మిమ్ము నడుగుచున్నాను. పుట్టను త్రవ్వి దిబ్బను బయట పడవేయవలదని యేరువారికి చెప్పుడు. దిబ్బ పోయినచో మరుసటియేడు అక్కడ గొడుగు లేవదు.

ఇక ఇంటిలో చేయవలసినది. గొడుగులు వండిన ప్రతిసారి ఒకదానిని వేరుతో సహా వండక, కాగితమున చుట్టి మూడుదినములు చల్లనిచోట ఉంచవలెను. ప్లాస్టికు సంచిలో కుళ్లిపోవును గనుక కాగితమే మేలు. ఎవరికైన వాంతి గాని, విరేచనము గాని, మగత గాని కలిగినచో తినిన వేళయు, బాధ మొదలైన వేళయు గుర్తుంచుకొని, ఆ గొడుగును వెంట గొనిపోయి మహబూబాబాదు గాని ఖమ్మము గాని ఎది దగ్గరైన నచ్చటి పెద్దాసుపత్రికి వెంటనే పోవలెను. ఆ కూర తిన్నవారందరు, బాధ లేనివారుకూడ పోవలెను. తెల్లవారి నిమ్మళించినదని వెనుదిరుగక, కాలేయమునకును మూత్రపిండములకును రక్తపరీక్ష చేయించుకొనువరకు అచ్చటనే యుండవలెను. మీరు తెచ్చిన గొడుగు తలను వైద్యుడు రాత్రి కాగితముపై బోర్లించినచో, తెల్లవారునప్పటికి దాని ముగ్గు రంగు ఆయనకే కనబడును.